కేశవరావు గారి పూతరేకు, మురళీమోహన్ రిపోర్టు

ఉప్పలగుప్తం వైపు రొయ్యల రైతుల్లో మురళీమోహన్ రిపోర్టు గురించి విననివాళ్లు లేరు. అది పూర్తిగా తెరుచుకోగా చూసినవాళ్లు మాత్రం ఓపిక గల కొద్దిమందే.

మనిషి మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. తండ్రి పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ వంటలు ఒప్పుకునేవాడు. గాడిపొయ్యి దగ్గర తండ్రి నిలబడితే, పంక్తిలో కొడుకు వడ్డిస్తూ తిరిగేవాడు. విస్తట్లో అరిటాకు పచ్చదనం కనిపించిందంటే పెళ్లివారి పరువు పోయినట్టేనని తండ్రి చిన్నప్పుడే నూరిపోశాడు. అందుకని మురళీమోహన్‌కి "చాలు" అనే మాట చెవికెక్కదు. అది మొహమాటానికి అనేదే తప్ప, కడుపు నిండి ఎవరూ అనరని అతని నమ్మకం. ఓసారి కొత్తపేటలో పెళ్లికి, పంక్తిలో కునుకు తీస్తున్న ఓ పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టలేదు కదా అని గారెలు వేసుకుంటూ పోయాడట. ఆయన కళ్లు తెరిచేసరికి ఎదటి పంక్తిలో ఉండవలసిన వియ్యంకుడు కనపడలేదు. కంగారుపడి "బావగారూ" అని పిలిస్తే, గారెల అవతలి నుంచి "ఇక్కడే ఉన్నానండీ" అని సన్నగా వినపడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత అమలాపురంలో కంప్యూటరు నేర్చుకుని, హైదరాబాదులో ఓ కంపెనీకి లెక్కల్ని బొమ్మలుగా మార్చే పనిలో కుదిరాడు. అక్కడ ఎవరింటికి వెళ్లినా కాఫీ ఒక్కసారే ఇచ్చి ఊరుకోవడం చూసి మనసు విరిగి, పెళ్లాం కృష్ణవేణిని వెంటబెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. రొయ్యల రైతుల సంఘం అతన్ని పిలిచి ఓ కుర్చీ, ఓ కంప్యూటరు, ఓ ఫ్యానూ ఇచ్చింది.

పని తేలికే. చెరువుల్లో దించిన మీటర్లు నీళ్లలో ప్రాణవాయువెంత, ఉప్పెంత, వేడెంత అని సెకనుకోసారి కబురు పంపుతుంటాయి. ఆ కబుర్లన్నీ పోగేసి, గీతల బొమ్మలు చేసి, పొద్దున్నే రైతుల ఫోన్లకి రిపోర్టు అందించాలి. అవి ఉత్త బొమ్మలు కావు. గీత మీద వేలు పెడితే ఆ క్షణాన అంకె ఎంతో పైకి లేస్తుంది. రెండు వేళ్లతో సాగదీస్తే గీత దగ్గరకొస్తుంది. సంఘం ప్రెసిడెంటు కేశవరావు గారు మొదటి రోజున తన చెరువు గీత మీద పెట్టిన వేలు, గీత చివరిదాకా వెళ్లేవరకూ తీయలేదు. ఈలోగా ఆయన ఎక్కవలసిన అమలాపురం బస్సు వెళ్లిపోయింది. అయినా ఆయన బాధపడలేదు. రొయ్య లోపలేమనుకుంటోందో కూడా తెలిసిపోతోందండీ అని ఊరంతా చెప్పారు.

అప్పటికి రిపోర్టు పీచుమిఠాయిలా తేలిగ్గా ఉండేది. బరువు తర్వాత ఎక్కింది. కేశవరావు గారి చెరువుకి బొమ్మ పెట్టాక గణపతి గారి చెరువుకి పెట్టకపోతే బాగుండదు. గణపతి గారికి రెండు బొమ్మలు పెట్టాక అచ్చాయమ్మ గారికి మూడు పెట్టకపోతే ఆడమనిషిని చిన్నచూపు చూసినట్టవుతుంది. ఒకరు మేత బొమ్మ అడిగారు, ఇంకొకరు గాలి బొమ్మ అడిగారు. మరొకరు తమ చెరువు గీత వంగపండు రంగులో ఉందని, పక్కవారిది బంగారు రంగులో ఉందని నొచ్చుకున్నారు. మురళీమోహన్ ప్రతి ఒక్కరికీ "ఆయ్, అలాగేనండీ" అన్నాడు. రిపోర్టు ముఖం మీద మీసాలాడించే రొయ్య వచ్చి కూర్చుంది. దాని కింద, సంఘాన్ని మొదలుపెట్టిన పెద్దమనిషి, కేశవరావు గారి నాన్నగారి ఫోటో వచ్చింది. అది కెమెరాలోంచి ఎంత నిండుగా దిగిందో అంత నిండుగానూ వచ్చింది. ఆయన మీసంలో వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

బొమ్మ గీయాలంటే ఫోనుకి లోపల ఒక యంత్రాంగం కావాలి. అది రిపోర్టుకంతటికీ ఒకటుంటే చాలు. మురళీమోహన్‌కి ఆ సంగతి తెలుసు. కానీ ఒకరి బొమ్మ ఇంకొకరి యంత్రాంగం మీద ఆధారపడితే ఏం మర్యాద అనుకుని, ప్రతి బొమ్మకీ విడిగా ఒకటి కట్టబెట్టాడు. అంటే పంక్తిలో కూర్చున్న ప్రతి అతిథి వెనకా ఒక గాడిపొయ్యి తవ్వించి, ఒక వంటవాణ్ణి నిలబెట్టినట్టు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. మీటరు పంపిన ప్రతి అంకె పక్కనా అది ఎవరి చెరువుదో రాయాలి కదా. మురళీమోహన్ "శ్రీయుత కేశవరావు గారి పెద్ద చెరువు" అని పూర్తిగా రాయించాడు. మీటరు కబురు సెకనుకోసారి వస్తుంది. రాత్రీ పగలూ సెకనుకోసారి కేశవరావు గారు శ్రీయుతులవుతూనే ఉన్నారు. మిగతా రైతులందరూ అంతే. ఏ మహారాజుకీ జరగనన్ని సన్మానాలు ఆ రిపోర్టులో జరిగాయి.

దాంతో అది తెరుచుకోవడం మానేసింది. కేశవరావు గారు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ నొక్కితే, గోదావరి దాటి నరసాపురం వైపు దిగి, టీ తాగి, రెండో టీ కూడా చెప్పాక మొదటి బొమ్మ సగం వచ్చిందట. రిపోర్టు తెరిచిన ఫోన్లు సెగలు కక్కేవి. గణపతి గారి ఫోను మీద అప్పడం కాలిందని ఓ మాట ఉంది. కాల్చగా చూసినవాళ్లు లేరు కానీ తిన్నవాళ్లు ఉన్నారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఓ మబ్బు పట్టిన తెల్లవారుజామున అచ్చాయమ్మ గారి చెరువులో ప్రాణవాయువు పడిపోకపోతే. ఎండ లేని రోజున ఆ గండం ఉంటుంది. అప్పుడు నీటిని చిలికే ఏరేటర్లు తిప్పకపోతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఆవిడ రిపోర్టు నొక్కి గట్టు మీద నిలబడ్డారు. ఫోనులో రొయ్య మీసాలాడిస్తూనే ఉంది. చెరువులో రొయ్యలు పైకొచ్చి మీసాలాడించాయి. ఆవిడ ఫోను నడుముకి దోపుకుని పరిగెత్తి ఏరేటర్లు వేయించారు కాబట్టి పంట దక్కింది. రిపోర్టు తర్వాత నిదానంగా తెరుచుకుని, ప్రమాదమని ఎర్రగా చూపించింది.

ఆ ఆదివారం సంఘం మీటింగు జరిగింది. ఎవరో ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. అచ్చాయమ్మ గారి ఫిర్యాదు విన్నాక, అందరి ముందూ రిపోర్టు తెరవమన్నారు. అది తెరుచుకునేలోగా కేశవరావు గారు పెట్టెలో సగం ఖాళీ చేశారు. చేతులు తుడుచుకుని తీర్పు చెప్పారు.

"మురళీమోహన్ గారండీ, మీరంటే మా అందరికీ గౌరవమండీ. వచ్చే ఆదివారం ఇదే కుర్చీలో కూర్చుని ఓ పూతరేకు నోట్లో వేసుకుంటాను. అది కరిగేలోగా మీ రిపోర్టు తెరుచుకోవాలి. లేదంటే పట్నం కంపెనీవాళ్లకి అప్పగించేస్తాం. మీరేం అనుకోవద్దు."

పూతరేకు నోట్లో ఎంతసేపుంటుంది? నాలుక తగిలేదాకా ఉంటుంది. మురళీమోహన్ ఇంటికొచ్చి సంగతి చెబితే కృష్ణవేణి నవ్వి, ఆ తర్వాత అతని మొహం చూసి నవ్వు ఆపుకుంది. రిపోర్టు పోతే సంఘంలో పని పోతుంది. పని పోతే మళ్లీ ఒక్క కాఫీ ఊళ్లోకి వెళ్లాలి. అన్నిటికీ మించి, తను వడ్డించినది ఎవరూ తినలేకపోయారన్న మాట మిగిలిపోతుంది. వంటలవాళ్లింట పుట్టినవాడికి అది చావు కబురుతో సమానం.

మర్నాడు రిపోర్టుని కాటాకెత్తినట్టు ఎక్కడెంత బరువుందో చూసుకున్నాడు. శ్రీయుతలూ గారులూ కలిసి బస్తాలకి బస్తాలు ఉన్నట్టు తేలింది. ఒక్క దెబ్బతో అన్నీ లేపేశాడు. రిపోర్టు కాస్త సన్నబడింది. కృష్ణవేణి చూసి, "ఇలాగే పంపిస్తారా ఏంటండీ? రేపు వీధిలో నడవగలరా?" అంది. అతను వినిపించుకోలేదు. పంపించేశాడు.

తెల్లారేసరికి ఒట్టి కేశవరావు, ఒట్టి గణపతి, ఒట్టి అచ్చాయమ్మ ఫోన్లలో మేలుకున్నారు. ఆ ఉదయం సంఘం ఆఫీసులో ఎవరూ కేకలు వేయలేదు. ఆ వైపు కోపమొస్తే కేకలుండవు, మర్యాద పెరుగుతుంది. దారిలో కనిపించినవాళ్లందరూ అతన్ని "మురళీమోహన్ గారండోయ్, తమరు కులాసాయేనాండీ" అని అడిగారు. సాయంత్రానికి అందరి శ్రీయుతలూ తిరిగి పెట్టేసి, ఇంటింటికీ క్షమాపణకి బయల్దేరాడు. క్షమాపణ చెప్పడానికి వచ్చినవాణ్ణి కూడా భోంచెయ్యకుండా పంపించరు. రిపోర్టు ఎంత ఉన్నది అంతే ఉంది కానీ మురళీమోహన్ చొక్కా బొత్తాం ఒకటి గణపతి గారింట్లో తెగి, ఎగిరి పప్పులో పడింది.

చివరికి అచ్చాయమ్మ గారింటికి చేరాడు. ఆవిడ మొహం ముడుచుకునే ఉన్నారు.

"మా మేనమామ గారు నన్ను కర్ర పుచ్చుకుని తరిమేటప్పుడు కూడా, ఆగండి అచ్చాయమ్మ గారూ అనేవారండీ. మీరు కంప్యూటరు చదువుకున్నవారు, మీకిదేం పోయేకాలం?"

అతను తప్పయిపోయిందన్నాడు. ఆవిడ ఆకు వేసి వడ్డన మొదలుపెట్టారు. కోపంతో వడ్డించడం వల్ల అన్నీ ఒకేసారి పడ్డాయి. పులిహోర మీద పప్పు, పప్పు మీద పనసపొట్టు కూర, కూర మీద గారెలు, గారెల మీద బొబ్బట్టు, వాటన్నిటి మీదా నెయ్యి. అతను మొదటి ముద్ద తీసుకోబోయి, దేనికోసమో చూసి, కాసేపు వెతికాడు.

"ఏం కావాలండీ?"

"కొంచెం ఉప్పండీ."

"ముందే వేసేనండీ. బొబ్బట్టు కింద, గారెల్ని దాటేక, ఎడంపక్కకి తిరగండి."

అతను వేలితో గారెల్ని పక్కకి నెట్టి, కూరలో దారి చేసుకుని, పులిహోర తవ్వుకుంటూ వెళ్లాడు. ఉప్పు దొరికేసరికి ఆకలి చచ్చిపోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తన రిపోర్టు ముందు ఊళ్లోవాళ్లు రోజూ కూర్చుంటున్నది ఇలాగేనని అతనికి తట్టింది. తండ్రి మంచి వడ్డన గురించి నేర్పిన దాంట్లో సగమే తను పట్టుకున్నాడు. అరిటాకు కనపడకూడదన్నాడు తండ్రి, నిజమే. కానీ ఆయన అన్నీ ఒక్కసారే గుమ్మరించలేదు. ముందు కొద్దికొద్దిగా వేసి, బకెట్లు పట్టుకుని పంక్తి చివర నిలబడేవాడు. అడిగినవాడి దగ్గరకి అడిగినదే పట్టుకుని వెళ్లేవాడు.

మురళీమోహన్ ఉప్పు వేలితోనే అడిగాడు. "అచ్చాయమ్మ గారండీ, నిజం చెప్పండి. రిపోర్టులో మీరు ఏం చూస్తారు?"

"మా చెరువు బాగుందా లేదా అని చూస్తానండీ."

"ఇంకా?"

ఆవిడ వాకిలి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "గణపతి గారి చెరువు కూడానండీ. వాళ్లది మనకంటే బాగుందేమోనని. ఈ మాట మీ కడుపులోనే ఉంచుకోండి."

కడుపులో చోటు లేకపోయినా ఉంచుకున్నాడు. మర్నాడు మిగతావాళ్లనీ ఒక్కొక్కరినే చాటుగా అడిగాడు. అందరూ ముందు తమ చెరువు చూస్తారు, ఆ తర్వాత పక్కవారిది చూస్తారు. గాలి బొమ్మ అడిగినాయన అది ఒక్కసారి కూడా చూడలేదు. ఉందన్న ధైర్యం చాలునన్నాడు.

ఇక పనిలోకి దిగాడు. గాడిపొయ్యిలన్నీ పూడ్చేసి, రిపోర్టు మొత్తానికి ఒక్క యంత్రాంగం ఉంచాడు. రిపోర్టు నొక్కగానే పైన అందరి చెరువులకీ వరసగా చుక్కలు వస్తాయి. పచ్చ చుక్క బాగున్నట్టు, ఎర్ర చుక్క పరిగెత్తమన్నట్టు. దాని కింద ఎవరి ఫోనులో వారి చెరువు బొమ్మ ఒక్కటే. మిగతా బొమ్మలేవీ పోలేదు. చుక్క మీద వేలు పెడితే, అప్పుడు మాత్రమే బకెట్టు పట్టుకుని వచ్చినట్టు వస్తాయి. పక్కవారి చెరువు కావలసినవాళ్లు పక్కవారి చుక్క నొక్కుకోవచ్చు. ఎవరు నొక్కారో ఎవరికీ తెలియదు. ప్రతి చెరువుకీ లోపల ఒక నంబరిచ్చి, అంకెల పక్కన ఆ నంబరు మాత్రం రాయించాడు. శ్రీయుతా గారూ అన్నీ ఒక్కసారి, పైన, పెద్ద అక్షరాల్లో పెట్టాడు. అంకెల వెనక తోకలు పీకాడు. ఉప్పు ఎంతో చెప్పడానికి దశాంశ చుక్క తర్వాత పన్నెండు అంకెలు రొయ్యకీ అక్కర్లేదు, రైతుకీ అక్కర్లేదు.

సెకనుకోసారి వచ్చే అంకెల్ని పది నిమిషాలకొకటిగా చేసి, సగటు తీశాడు. రిపోర్టు ఈకలా అయింది. ఆనందపడిపోయి, పరీక్షకని అచ్చాయమ్మ గారి ఆ మబ్బు రోజు తెరిచి చూశాడు. గీత నున్నగా, తప్పుచేసి తల దువ్వుకుని వచ్చినవాడిలా ఉంది. గండం ఎక్కడా కనపడలేదు. మంచి నిమిషాలన్నీ కలిసి చెడ్డ నిమిషాన్ని కప్పిపెట్టేశాయి. సన్నబడడమంటే ప్రాణం తీసేయడం కాదని గొణుక్కుంటూ, సగటుతో పాటు ఆ పది నిమిషాల్లో అన్నిటికంటే తక్కువైన అంకెని కూడా ఉంచాడు. చుక్క ఎర్రబడాలా వద్దా అన్నది ఆ తక్కువ అంకె చూసే తేలుతుంది. గీత మళ్లీ గొయ్యిలోకి దిగింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

మిగిలింది కేశవరావు గారి నాన్నగారు. రిపోర్టు మొత్తం కంటే ఇప్పుడు ఆయనే బరువు. చెప్పకుండా తగ్గిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాడు కాబట్టి, పళ్లు పట్టుకుని కేశవరావు గారింటికే వెళ్లాడు.

"మీ నాన్నగారిని కాస్త తగ్గించాలండీ" అన్నాడు, కుర్చీ అంచున కూర్చుని.

కేశవరావు గారు గోడ మీద పటం వైపు చూశారు. "ఎంత వరకండీ?"

"మీసం కనపడే వరకండీ."

ఆయన లేచి పటం మీద వేలు పెట్టి చూపించారు. "మెలి కూడా కనపడాలండీ. కోరమీసం ఆయనది." కొలత కుదిరింది. నాన్నగారు అణాబిళ్లంత అయి, కోరమీసంతో ఓ మూల సర్దుకున్నారు.

ఆదివారం మబ్బుగానే తెల్లవారింది. సంఘం ఆఫీసు కేశవరావు గారి పెద్ద చెరువుకి ఎదురుగానే ఉంటుంది. రైతులందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. కృష్ణవేణి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కేశవరావు గారు పూతరేకుల్లో పెద్దది ఏరుకున్నారు. పరీక్షలో పక్షపాతం ఉండకూడదని, విరవకుండా మొత్తం నోట్లో దోపుకున్నారు. దోపుకుంటూనే వేలితో రిపోర్టు నొక్కారు. ఆయన్ని చూసి అందరూ నొక్కారు.

రెప్ప కొట్టేలోగా రిపోర్టు తెరుచుకుంది. అందరి ఫోన్లలోనూ ఒకేసారి, వరసగా పచ్చ చుక్కలు. మొట్టమొదటిది మాత్రం ఎరుపు.

అది కేశవరావు గారిదే. ఇంతకు ముందు రిపోర్టులో తెల్లవారుజాము దాకా ఉన్న లెక్కలే ఉండేవి. చిన్నదైపోయింది కాబట్టి మురళీమోహన్ ఇప్పుడు నొక్కిన నిమిషం దాకా ఉన్న లెక్కలు వచ్చేట్టు చేశాడు. కేశవరావు గారు చుక్క చూశారు, కిటికీలోంచి చెరువు చూశారు. ఏరేటర్లు ఆగిపోయి ఉన్నాయి. కరెంటు పోయింది, కాపలావాడు జనరేటరు వేయకుండా టీకి వెళ్లాడు. చెప్పాలంటే నోటినిండా పూతరేకు. పొడి పంచదార గొంతుకి అడ్డం పడింది. ఆయన చెయ్యి చాచి కిటికీ వైపు చూపిస్తూ "ఊఁ, ఊఁ" అన్నారు. పొలమారిందనుకుని గణపతి గారు వీపు మీద చరిచారు. ప్రెసిడెంటు వీపు మీద ఒక్కరే చరిస్తే బాగుండదని మిగతావారు కూడా మర్యాదకి తలో చెయ్యీ వేశారు. ఆయన ఎంత చూపిస్తే అంత చరిచారు.

మురళీమోహన్ ఒక్కడే ఆయన మొహం కాకుండా ఫోను చూశాడు. చూసిన మరుక్షణం బయటికి దూకి, గట్టెక్కి, జనరేటరు షెడ్డులోకి జొరబడ్డాడు. అంత బొద్దు మనిషి అంత వేగంగా పరిగెత్తగా ఎవరూ చూడలేదు. తోవలో ఒక కొంగ అతనికి దారిచ్చి, తర్వాత చాలాసేపు అతను వెళ్లిన వైపే చూస్తూ నిలబడిందని అచ్చాయమ్మ గారు ఒట్టేసి చెబుతారు. జనరేటరు దగ్గి, మళ్లీ దగ్గి, అందుకుంది. ఏరేటర్లు నీళ్లని చిలికాయి. పైకి రాబోతున్న రొయ్యలు ఆలోచన మార్చుకుని కిందికి వెళ్లిపోయాయి.

కాసేపటికి అందరూ గట్టు మీదకి చేరారు. కేశవరావు గారు వీపు సవరించుకుంటూ చివరన వచ్చారు. పూతరేకు ఎప్పుడు కరిగిందో ఎవరూ చూడలేదు, అడగనూ లేదు. పట్నం కంపెనీ పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. అచ్చాయమ్మ గారు ఫోను ఎత్తిపట్టుకుని, "పచ్చబడిందండీ" అని అందరికీ చూపించారు.

కేశవరావు గారు మురళీమోహన్ భుజం మీద చెయ్యి వేసి, నలుగురికీ దూరంగా గట్టు మలుపు దాకా తీసుకెళ్లారు.

"మీ రిపోర్టు మీ దగ్గరే ఉంటుందండీ, అందులో మాటే లేదు. కానండీ, ఒక్క చిన్న మనవి. ఇందాక మా చెరువు ఎర్రబడ్డం గణపతి గారి ఫోనులో కూడా కనపడిపోయింది. రేపు ఆ కబురు అమలాపురం దాకా వెళ్తుంది. ఏం లేదండీ, మా చుక్క ఒక్కటీ కాస్త నెమ్మదిగా, ఓ టీ తాగేంత ఆలస్యంగా తెరుచుకునేలా చెయ్యొచ్చాండీ?"

మురళీమోహన్ నీళ్ల వైపు చూశాడు. కృష్ణవేణి దూరం నుంచి అతన్నే చూస్తోంది.

"ఆయ్, చూద్దామండీ" అన్నాడు.

సోమవారం పొద్దున కేశవరావు గారు ఆశగా రిపోర్టు నొక్కారు. వేలు తీసేలోగా తెరుచుకుంది. మంగళవారమూ అంతే. మురళీమోహన్ కనిపించినప్పుడల్లా ఆయన కనుబొమలెగరేసి అడుగుతారు. అతను చేతులు జోడించి, అదే పనిలో ఉన్నానండీ అంటాడు. ఇప్పుడు ఆయన కాపలావాడికి గట్టు మీదకే టీ పంపిస్తున్నారు.